ఒంటికాలి ఉల్లంకి

వీధిలో అందరికీ ఆమె అక్కే. కళ్ళద్దాలు మార్పించుకోవడానికి వచ్చిన పళ్ళూడిన పెద్దాయన కూడా "అక్కా, పేపరు చదవలేకపోతున్నా" అంటాడు. ఆయన వయసులో సగం కూడా ఉండదు ఆమెకు. మొదట్లో చిరాకు పడేది గానీ ఇప్పుడు అలవాటైపోయింది. ఊరందరి చేతా ఆ పిలుపు పిలిపించుకుంటున్న మనిషిని, పిలవాల్సిన సొంత తమ్ముడు మాత్రం మూడేళ్ళుగా పిలవలేదు. ఆ సంగతి ఎవరైనా కదిపితే, "వాడి నోరు వాడిష్టం" అని అద్దం అరగదీసే మిషను గట్టిగా తిప్పేది.

దుకాణం ముందుగదిలో ఫ్రేములు, వెనకగదిలో కళ్ళు పరీక్షించే కుర్చీ, దానికెదురుగా గోడ మీద అంకెల చార్టు. పైన అరచేయంత అంకెలు, కిందికొచ్చేసరికి చీమ తలంత. ఆ చార్టు ముందు అక్కను మోసం చేసిన మగాడు ఇంకా పుట్టలేదు. లైసెన్సు కోసం వచ్చే డ్రైవర్లు బయట బెంచీ మీద కూర్చుని, ముందువాడు చదువుతుంటే చెవులు రిక్కించి విని బట్టీ పట్టేస్తారు. లోపలికొచ్చి గడగడా అప్పజెబుతారు. అక్క నవ్వుకుంటుంది. కంటితో చదివేవాడు కింది వరుసకు వచ్చేకొద్దీ నెమ్మదిస్తాడు, ముందుకు వంగుతాడు, కనుబొమలు ముడేస్తాడు. బట్టీ పట్టినవాడికి పై వరుసైనా కింది వరుసైనా ఒకటే పరుగు. "బాబూ, నువ్వు చదవలేదు, చెప్పావు. ఇప్పుడు చదువు" అని చార్టు తిప్పేస్తుంది. దాని వెనకవైపు వేరే అంకెలుంటాయి.

ఆ చార్టు పక్కనే, గోడ మూలకు, మూడుకాళ్ళ స్టాండు ఒకటి నిలబెట్టి ఉంటుంది. అద్దాలు తుడిచే గుడ్డలు ఉతికి దాని మీదే ఆరేస్తుంది అక్క. అది గుడ్డలారేసుకునే వస్తువు కాదు. వాళ్ళ నాన్న టెలిస్కోపుకు కాళ్ళు అది.

నాన్న బళ్ళో లెక్కల మాస్టారు. సెలవొస్తే చాలు, పిల్లలిద్దర్నీ చెరో పక్కనా వేసుకుని ఊరి చివరి రిజర్వాయరు కట్ట మీదికి చేరేవాడు. వానలు తగ్గి, నీళ్ళు వెనక్కి జరిగి, ఒడ్డున బురద బయటపడే రోజుల్లో ఎక్కడెక్కడి చలిదేశాల పిట్టలో అక్కడ దిగేవి. కొన్ని చలికాలమంతా ఉండిపోయేవి, కొన్ని నాలుగు రోజులు మేసి ఇంకా దక్షిణానికి ఎగిరిపోయేవి. పిట్టల్ని వలలో పట్టి, కాలికి రింగు వేసి వదలడానికి నాన్న శిక్షణ తీసుకున్నాడు. ప్లాస్టిక్ రింగు, దాని మీద అంకె. ఈ రిజర్వాయరు దగ్గర వేసినవన్నీ పసుపు రంగువే, అన్నీ ఎడమకాలికే. ఆ పిట్ట ప్రపంచంలో ఏ మూల వాలినా, అంకె చదివినవాళ్ళకు అది ఎక్కడిదో తెలుస్తుంది.

ఆఖరి సంవత్సరం నాన్న వేసిన ఆఖరి రింగు మీది అంకె నూట అరవై ఎనిమిది. పొడుగు ముక్కు ఉల్లంకి పిట్ట ఒకటి, ఆ రింగుతో నాన్న చేతిలోంచి ఎగిరిపోయింది. ఆ చలికాలం దాటకుండానే నాన్నా పోయాడు.

ఆ తర్వాత టెలిస్కోపు ఎవరిదన్న దగ్గర తగువొచ్చింది. మామూలు ఇళ్ళల్లో పొలాల కోసం కొట్టుకుంటారు. వీళ్ళు కొట్టుకున్నది పిట్టల్ని చూసే గొట్టం కోసం. మాటా మాటా పెరిగింది. "నీకు కావాల్సింది పిట్టలు కాదురా, నాన్న వస్తువు నీ దగ్గరుందని చెప్పుకోవడం" అంది అక్క. "నాన్న పిట్టలన్నీ నీ సొత్తే అన్నట్టు మాట్లాడకు. నేనూ ఆయన కొడుకునే" అన్నాడు తమ్ముడు. అమ్మ మధ్యలోకొచ్చి, తన జన్మలో అంత తెలివైన తీర్పు ఇవ్వలేదన్న ధీమాతో, "గొట్టం వాడికి, కాళ్ళు నీకు. చచ్చినట్టు కలిసి వెళ్ళండిక" అంది.

అమ్మ తెలివి అడ్డం తిరిగింది. కలిసి వెళ్ళడం మాట దేవుడెరుగు, మాటలే పోయాయి. ఆ పాతకాలపు టెలిస్కోపు తూకానికి మామూలు స్టాండు ఆగదు. నాన్న లేతు మిషను దగ్గర కూర్చుని దానికోసమే ప్రత్యేకంగా తల చేయించిన స్టాండు అది. స్టాండు లేకుండా చేత్తో పట్టుకుని చూస్తే పిట్టకు బదులు భూకంపం కనబడుతుంది. తమ్ముడు తన వాటా బీరువా మీద పెట్టాడు, అక్క తన వాటా మీద గుడ్డలారేసుకుంది. ఇద్దరికిద్దరూ మొండిఘటాలే, ఒకరిని అని లాభం లేదు.

అలాంటిది, దుకాణానికి సెలవైన రోజు పొద్దున, కట్ట మీద నిలబడి బైనాక్యులర్స్‌తో బురదంతా వెతుకుతున్న అక్కకు పసుపు రంగు తళుక్కుమంది.

ఉల్లంకుల గుంపు. పొడుగు ముక్కులు బురదలోకి దించి కుట్టుమిషను సూదిలా టకటకా పొడుస్తున్నాయి. వాటిలో ఒకదాని ఎడమకాలికి పసుపు రింగు.  బైనాక్యులర్స్‌ను కళ్ళకు గుచ్చుకునేంతగా నొక్కి చూసింది. రంగు తెలుస్తోంది, అంకె తెలియడం లేదు. ఒక అడుగు ముందుకేస్తే గుంపంతా తలెత్తుతోంది, ఇంకో అడుగేస్తే లేచిపోతుంది.

"ఈ అంకె చదవకుండా దీన్ని వెళ్ళనివ్వను" అని పైకే అంది. వినడానికి పక్కన ఎవరూ లేరు. అయినా మాట మాటే.

పిట్టల్ని చూసేవాళ్ళ బృందంలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర మంచి టెలిస్కోపు ఉంది. ఫోన్ చేస్తే, ఆయన దాన్నేసుకుని ఇంకో రిజర్వాయరుకు వెళ్ళాడట, వచ్చే వారం గానీ రాడట. ఉల్లంకులు ఆయన కోసం ఆగుతాయా? కడుపు నిండితే రేపో ఎల్లుండో వెళ్ళిపోతాయి. ఇక మిగిలింది బీరువా మీది గొట్టం.

అక్క దుకాణానికి వచ్చి అమ్మకు ఫోన్ చేసింది. అమ్మ ఉండేది తమ్ముడింట్లోనే.

"అమ్మా, వాడితో ఒక మాట చెప్పు."

"చెప్పను" అంది అమ్మ, మాటేమిటో వినకుండానే. "మీ ఇద్దరి మధ్యా కబుర్లు మోసి మోసి నా మెడలు పడిపోయాయి. నేను మనిషినా, పోస్టు డబ్బానా?"

"వాడు నా ఫోనెత్తడుగా."

"అయితే వాడున్న చోటికే వెళ్ళు. రెండు కాళ్ళు దేవుడిచ్చాడు, ఇంకో మూడు మీ నాన్నిచ్చాడు. అయిదు కాళ్ళు పెట్టుకుని నడవలేనంటావేమే?"

ఫోన్ పెట్టేసింది అమ్మ.  వెళ్ళి అడగడమంటే తలదించడమే. మూడేళ్ళు బిగబట్టిన పంతం అందుకు ఒప్పుకోలేదు. పోనీ వెళ్ళకపోతే? నాన్న చేతిలోంచి ఎగిరిన పిట్ట ఎన్ని సముద్రాలు దాటి, ఎన్ని గద్దల్ని తప్పించుకుని, మళ్ళీ ఇక్కడికే వచ్చిందేమో. అది బతికే ఉందని తెలుసుకునే అవకాశం ఒక్క పంతం కోసం వదులుకోవడమా? లేచి, స్టాండు మీది గుడ్డలన్నీ తీసి కుర్చీలో పడేసి, దాన్ని భుజానికెత్తుకుని, దుకాణానికి తాళం వేసింది.

తమ్ముడు లిఫ్టుల మెకానిక్కు. ఆ రోజు ఒక ఆఫీసు భవనంలో పనిలో ఉన్నాడని కంపెనీవాళ్ళను అడిగి కనుక్కుని వెళ్ళింది అక్క. లిఫ్టు పెట్టెను పైఅంతస్తులో ఆపి, కింది తలుపుల మధ్య చెక్కముక్క అడ్డం పెట్టి, అడుగునున్న గోతిలోకి దిగి ఉన్నాడతను. లోపల దీపం వెలుగుతోంది, గ్రీజు వాసన వస్తోంది, పానా చప్పుడు వినబడుతోంది. మనిషి మాత్రం కనబడటం లేదు. తలుపు దగ్గర స్టూలు మీద వాచ్‌మన్ కూర్చున్నాడు.

అక్క భుజం మీంచి స్టాండు దించి, మూడు కాళ్ళూ విప్పి తలుపుకెదురుగా నిలబెట్టి, మెట్ల మీద కూర్చుంది.

"సార్, ఎవరో మేడమ్ వచ్చారు" అన్నాడు వాచ్‌మన్ గోతిలోకి వంగి.

"లిఫ్టు పనిచేయడం లేదు, మెట్లెక్కమని చెప్పు."

"మెట్ల మీదే కూర్చున్నారు సార్. మూడుకాళ్ళదేదో తెచ్చారు."

పానా చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది, ఈసారి అవసరానికి మించి గట్టిగా.

"వాచ్‌మన్ గారూ, ఆయనకు చెప్పండి. టెలిస్కోపు ఒక్క పూట కావాలి."

వాచ్‌మన్ వంగి చెప్పాడు. గోతిలోంచి జవాబొచ్చింది. "టెలిస్కోపు దాని మానాన అది ఉంది. ఊరికే ఇవ్వడం కుదరదని చెప్పు."

"ఊరికే ఇమ్మనడం లేదు, తీసుకుని రమ్మంటున్నానని చెప్పండి."

"నాకు పనుందని చెప్పు."

"పని అందరికీ ఉంటుందని చెప్పండి."

వాచ్‌మన్ కిందికీ పైకీ వంగి లేచి, వంగి లేచి, నడుము పట్టుకున్నాడు. "మీ ఇద్దరి గొంతులూ ఇద్దరికీ బాగానే వినబడుతున్నాయి కదండీ" అన్నాడు దీనంగా.

అక్కకు ఒంటికాలి మీద లేవాలన్నంత కోపం వచ్చింది. వచ్చింది పోట్లాటకు కాదని తనకు తానే చెప్పుకుని, లేచి వెళ్ళి, తలుపు పట్టుకుని గోతిలోకి వంగింది. తమ్ముడి నడినెత్తి కనబడింది. అక్కడక్కడా నెరిసింది. ఎప్పుడు నెరిసిందో ఆమెకు తెలియదు. ఏ కోపం మీదొచ్చిందో ఆ కోపం అక్కడికక్కడే సగం చల్లారిపోయింది.

"పసుపు రింగు" అంది.

పానా కదల్లేదు. తలెత్తకుండానే, "ఏ కాలికో అడుగు" అన్నాడు వాచ్‌మన్‌తో.

"ఎడమకాలికి. ఉల్లంకికి."

పానా గోతి అంచున పెట్టిన చప్పుడైంది.

"రేపు తెల్లవారేసరికి తూము పక్కన మెట్ల దగ్గర ఉంటా. నువ్వు నాతో మాట్లాడక్కర్లేదు. నాన్న పద్ధతిలో ఎలాగూ మాట్లాడకూడదు." స్టాండు మడిచి భుజానికెత్తుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

నాన్న పద్ధతంటే ఆ ఇంట్లో శాసనం. రింగు మీది అంకె ఒక్కరు చదివితే చెల్లదు. ఒకరు చూసి, నోరు మెదపకుండా అరచేతిలో రాసుకుని, పక్కకు తప్పుకోవాలి. రెండోవారు చూసి తమ అరచేతిలో రాసుకోవాలి. అప్పుడు ఇద్దరూ ఒకేసారి చేతులు తెరవాలి. రెండూ కలిస్తేనే చూసినట్టు. కలవకపోతే చూడనట్టే, మళ్ళీ మొదటికి రావాలి. "ఒకడి కన్ను తనకు కావాల్సింది చూస్తుంది. రెండో కన్ను ఉన్నది చూస్తుంది" అనేవాడు నాన్న. చిన్నప్పుడు ఇద్దరి అరచేతుల నిండా సిరా అంకెలే. అన్నం తినేముందు కడుక్కోమని అమ్మ మొత్తుకునేది.

మర్నాడు అక్క వెళ్ళేసరికి రిజర్వాయరు మీద పొగమంచు లేస్తోంది. మెట్ల దగ్గర స్టాండు నిలబెట్టింది. వెలుగొచ్చేకొద్దీ బురద మీద నీడల్లాంటివి పిట్టలవుతున్నాయి. గుంపు ఉంది. తమ్ముడే లేడు. రోడ్డు వైపు చూసి, నీళ్ళ వైపు చూసి, మళ్ళీ రోడ్డు వైపు చూసింది. వాడు రాకపోతే ఈ స్టాండును ఈ నీళ్ళలోనే విసిరేస్తానని ఒకసారి అనుకుంది. వాడు రాకపోయినా సాయంత్రం మళ్ళీ వెళ్ళి ఆ గోతి ముందే కూర్చుంటానని ఇంకోసారి అనుకుంది. రెండోదే ఖాయం చేసుకుంది.

కట్ట కింద లిఫ్టు కంపెనీ వ్యాను ఆగింది. తమ్ముడు దిగాడు, చేతిలో టెలిస్కోపు పెట్టె. పలకరింపు లేదు. మెట్టు మీద పెట్టె పెట్టి, దాని నంబరు తాళం తిప్పడానికి అక్కకు కనబడకుండా అటు తిరిగాడు.

అక్కకు నవ్వాగలేదు. ఆ నంబరు తెలియనిదెవరికి? నూట అరవై మూడు. ఆఖరి సంవత్సరం నాన్న అతని చేత మొట్టమొదటిసారి రింగు వేయించిన పిట్ట నంబరు. అంతకుముందెప్పుడూ వేయనివ్వలేదు. "నీవి ఇనుప చేతులురా, పిట్ట కాలు పుల్లలాంటిది" అనేవాడు. ఆ రోజు మాత్రం పిట్టను తన రెండు చేతుల్లో పొదివి పట్టుకుని, "ఊఁ, వెయ్యి" అన్నాడు. తమ్ముడి చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, రింగు మాత్రం సరిగ్గా పడింది. నెల రోజులు ఇంట్లో అదే పురాణం. సూట్‌కేసు తాళానికి అదే నంబరు, సైకిలు తాళానికి అదే, ఈ పెట్టెకూ అదే. అతని పిల్లలకు తెలుసు, అమ్మకు తెలుసు, చివరికి పాలు తెచ్చే మనిషికీ తెలుసు. తాళం తిప్పేటప్పుడు దాచడం మాత్రం మానడు.

టెలిస్కోపు తీసి స్టాండు తల మీద పెట్టాడు. అక్క మర బిగించింది. మూడేళ్ళ తర్వాత కలిసినా రెండూ కొత్తేమీ లేనట్టు టక్కున కూర్చున్నాయి. మనుషులకే ఆ సుఖం లేదు.

అక్క కన్ను పెట్టి గుంపులో ఒక్కొక్క పిట్టనూ దాటుకుంటూ వెళ్ళింది. దొరికింది! ముక్కు వీపు ఈకల్లో దూర్చి నిద్రపోతోంది. ఒంటికాలి మీద. కుడికాలు నీళ్ళలో ఉంది. పసుపు రింగున్న ఎడమకాలు పొట్ట కింద ఈకల్లోకి ముడుచుకుంది.

అక్క పక్కకు తప్పుకుంది. తమ్ముడు చూశాడు. చూసి, నుదురు కొట్టుకున్నాడు. ఇద్దరూ చెరో మెట్టు మీద కూర్చున్నారు. ఇక చేసేదేముంది, మహారాణీ గారు నిద్రలేచి కాలు దించాలి.

ఎండెక్కింది. మంచు పోయింది. కళ్ళలో వత్తులేసుకుని కూర్చున్నారిద్దరూ. పక్క పిట్టలన్నీ మేస్తున్నాయి, కొట్టుకుంటున్నాయి, స్నానాలు చేస్తున్నాయి. ఇది మాత్రం చలించదు. ఒకసారి కళ్ళు తెరిచింది, ఒంటికాలి మీదే రెండు గెంతులు గెంతి చోటు మార్చి మళ్ళీ కళ్ళు మూసింది. కాలు దించేది లేదన్నట్టే. పంతంలో తమ వంశంలోనే పుట్టాల్సిన పిట్ట అనుకుంది అక్క.

ఫ్లాస్కు తీసి మూతలో టీ పోసి ఇద్దరి మధ్యా ఉన్న మెట్టు మీద పెట్టింది. తమ్ముడు దానివైపు చూడలేదు. ఆమె అటు తిరిగి, ఇటు తిరిగేసరికి మూత ఖాళీ.

తమ్ముడి ఫోన్ మోగింది. అక్క అతని వైపు తిరిగింది. లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే అతను పరుగెత్తక తప్పదు.

"లోపల మనుషులెవరైనా ఉన్నారా?" అన్నాడు. "లేరా? అయితే మెట్లెక్కమనండి. ఆరోగ్యానికి మంచిది." ఫోన్ పూర్తిగా ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. అక్క అది చూసింది. టీ ఇంకొంచెం పోసింది.

ఉన్నట్టుండి గుంపంతా గుప్పుమని లేచింది. పైన గద్ద! వందల రెక్కలు ఒక్కసారి తిరిగి, తెల్లగా మెరిసి, నీళ్ళ మీద పెద్ద చుట్టు చుట్టాయి. ఇద్దరూ లేచి నిలబడ్డారు. వెళ్ళిపోయాయి, ఇంతే ప్రాప్తం అనుకుంది అక్క. అంతలో గద్ద అవతలి ఒడ్డుకు మళ్ళింది. గుంపు ఇంకో చుట్టు చుట్టి, కిందికి జారి, ఇందాకటి కంటే దగ్గరగా, తూము ముందున్న బురద మీదే వాలింది.

అక్క టెలిస్కోపు తిప్పింది. ఆమె తొందరకు స్టాండు మాత్రం చలించలేదు. గోధుమరంగు వీపులు, పొడుగు ముక్కులు, కాళ్ళు, కాళ్ళు, పసుపు. రెండు కాళ్ళ మీదా నిలబడి ఉంది.

ఒకటి. ఆరు. మూడో అంకె మీద బురద. మూడులా ఉంది, ఎనిమిదిలా కూడా ఉంది. ఎనిమిదికి ఎడమపక్క బురద అంటితే మూడే అవుతుంది. అక్క ముక్కాలు వంతు మనసు అప్పటికే ఎనిమిది రాసేసింది. నాన్న పిట్ట. బతికే ఉంది. వచ్చింది. చాలు, రాసెయ్యి అంటోంది లోపలి మనిషి.

ఆమె రాయలేదు. రోజూ చార్టు ముందు ఎదుటివాళ్ళను పట్టుకునే మనిషి తనను తాను వదిలేస్తుందా? ఆగింది. ఉల్లంకి రెండడుగులు వేసి నీళ్ళలోకి దిగింది. కాలు మునిగి తేలింది. బురద కడుక్కుపోయింది. పసుపు మీద నల్లగా, అచ్చు గుద్దినట్టు మూడు.

నూట అరవై మూడు.

అక్కకు కళ్ళ ముందు బురదా నీళ్ళూ ఒకటైపోయాయి. ఇంత పోరాడి తెచ్చుకుంటే నాన్నది కాదు, వాడిది. నాన్న పిట్టలన్నీ నీ సొత్తే అన్నట్టు మాట్లాడకు అన్నాడుగా, ఆ మాటకు జవాబు ఎక్కడెక్కడో తిరిగి ఇవాళ వచ్చింది. బాధ నిజంగానే కలిగింది, దాచుకోవడానికేముంది. పెన్ను తీసి అరచేతిలో నూట అరవై మూడు అని రాసుకుంది. ఎనిమిదిగా దిద్దడానికి వీల్లేకుండా, గట్టిగా, పెద్దగా రాసింది. పిడికిలి మూసి తప్పుకుంది.

తమ్ముడు వంగి కన్ను పెట్టాడు. ఒక్క క్షణం. అంతే, చటుక్కున లేచాడు. పెన్ను తీసుకుని గీకేసి పిడికిలి మూశాడు.

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చేతులు తెరిచారు.

ఆమె చేతిలో నూట అరవై మూడు. అతని చేతిలో నూట అరవై ఎనిమిది.

"నాన్నదే" అన్నాడు తమ్ముడు. "బురదలో నీకు సరిగ్గా కనబడినట్టు లేదు. అది ఎనిమిది, అక్కా."

అక్కా అన్నాడు. మూడేళ్ళుగా ఏ పిలుపు కోసం చెవులు కాయలు కాశాయో ఆ పిలుపు, ఆమె ఎంతగానో కోరుకున్న అంకెతో కలిసి వచ్చింది. ఊఁ అంటే చాలు, రెండూ ఆమెవే. ఊఁ అందామనే నోరు తెరిచింది.

"మళ్ళీ చూడు" అంది.

"ఎందుకూ, చూశాగా."

"నువ్వు చూడలేదు, చెప్పావు. నా దుకాణంలో రోజూ చూస్తానురా చార్టు బట్టీ పట్టి వచ్చేవాళ్ళని. దూరంలో ఉన్న అంత చిన్న అంకె చదవాలంటే ఎవరైనా కన్ను చికిలించాలి, ఆగాలి. నువ్వు రెప్పైనా వెయ్యకుండా లేచావు. కంటితో చదివిన అంకె కాదది."

తమ్ముడు తల దించుకున్నాడు. కాలితో మెట్టు మీది ఇసుకను అటూ ఇటూ తోశాడు. "మూడని చూడగానే తెలిసింది" అన్నాడు చివరికి. "ఆ అంకెను గుర్తుపట్టడానికి నాకు కన్ను చికిలించాల్సిన పనేముంది? నువ్వు నిన్న ఆ స్టాండు మోసుకుంటూ వచ్చి మెట్ల మీద కూర్చున్నావు. నా గోతిలోకి వంగావు. అంత చేసింది నాన్న పిట్ట కోసం కదా. తీరా చూస్తే నాది. నాదైతే ఏముంది అక్కా, నీకివ్వాలనిపించింది."

"ఇవ్వడానికి అది నీ అబ్బ సొమ్మా?" అనేసింది అక్క. అని, తన మాట తనకే వినబడి ఆగిపోయింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. "నిజంగానే అబ్బ సొమ్మే కదా" అని తనే అనుకుంది, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఒరేయ్ పిచ్చివాడా, ఆ రోజు రింగు నువ్వు వేశావు సరే. పిట్టను పట్టుకున్న చేతులెవరివి? అది కదలకుండా, భయపడకుండా రెండు చేతుల్లో పొదివి పట్టుకున్నదెవరు? అది నాన్న పిట్ట కాకుండా ఎలా పోతుంది?"

తమ్ముడు మెట్టు మీద కూలబడ్డాడు. లిఫ్టు తాళ్ళు లాగి కాయలు కాసిన ఆ ఇనుప చేతుల్తో మొహం కప్పుకున్నాడు. అక్క అతని వీపు మీద చెయ్యేసి, అలాగే ఉంచింది.

కాసేపటికి, "మొహం తుడుచుకో" అంది. "రెండు చేతులూ కలవలేదు. నాన్న లెక్కలో ఇప్పటివరకు మనమేమీ చూడనట్టే. ఆ ఎనిమిది చెరిపేసి మళ్ళీ చూడు. ఈసారి చదువు."

తమ్ముడు అరచెయ్యి ఉమ్మితో రుద్ది ప్యాంటుకు తుడుచుకుని టెలిస్కోపు దగ్గరికెళ్ళాడు. వంగాడు. "ఏమీ కనబడటం లేదక్కా. అంతా మసక."

"నీ కళ్ళు తుడుచుకోరా, అద్దం కాదు."

తుడుచుకుని మళ్ళీ చూశాడు. చూసి గట్టిగా నవ్వాడు. "కాలు ముడిచేసింది!"

అక్క చూసింది. నిజమే. కడుపు నిండిన ఉల్లంకి, నూట అరవై మూడును పొట్ట కింద దాచుకుని, ముక్కు వీపులో దూర్చి, ఒంటికాలి మీద నిద్రకుపక్రమించింది.

"కూర్చో" అంది అక్క. "సాయంత్రం దాకా నిద్రపోయినా సరే, అది కాలు దించుతుంది, నువ్వు చదువుతావు, రాస్తావు. అప్పటిదాకా ఎవ్వరూ ఈ కట్ట దిగేది లేదు."

ఈసారి ఒకే మెట్టు మీద కూర్చున్నారు. మూడేళ్ళ కబుర్లు చాలానే ఉన్నాయి. జుట్టెప్పుడు నెరిసిందిరా అని ఆమె అడిగింది. నాన్న స్టాండు మీద గుడ్డలారేస్తున్నావటగా, అమ్మ చెప్పింది అని అతను దెప్పాడు. పోస్టు డబ్బాను కానంటూనే అన్ని కబుర్లూ మోసిందన్నమాట అని ఇద్దరూ అమ్మను తిట్టుకున్నారు.

ఎండ నడినెత్తికొచ్చాక ఉల్లంకి ఒళ్ళు విరుచుకుంది. ఒక రెక్క చాచింది, తర్వాత కాలు చాచింది. తమ్ముడు వంగాడు. ఆగాడు. కనుబొమలు ముడేశాడు, కన్ను చికిలించాడు, ఇంకాస్త ముందుకు వంగి పెదవులు కదుపుతూ ఒక్కొక్క అంకే చదివాడు. తన గుండెకాయ మీద రాసి ఉన్న అంకెను మొదటిసారి చూస్తున్నవాడిలా చదివాడు. రాసుకుని, పిడికిలి మూసి వచ్చాడు.

చేతులు తెరిచారు. రెండూ కలిశాయి.

ఇంటికి బయల్దేరేటప్పుడు టెలిస్కోపును స్టాండు మీంచి విప్పాలి. "నువ్వు విప్పు" అంది అక్క. "బిగించింది నువ్వు, నువ్వే విప్పు" అన్నాడు తమ్ముడు. ఎవరూ విప్పలేదు. ఉన్నదున్నట్టు వ్యాను వెనక పడుకోబెట్టారు. మూడుకాళ్ళూ తలుపులోంచి బయటికి పొడుచుకొచ్చాయి.

తమ్ముడు తాళం తిప్పి, వ్యాను కదిలించకుండా నీళ్ళ వైపు చూశాడు. "నూట అరవై ఎనిమిది కూడా ఎక్కడో ఉండే ఉంటుంది కదక్కా?"

"ఉంటుంది. గుంపులు ఇంకా వస్తూనే ఉన్నాయిగా" అంది అక్క. "రేపు ఇంకాస్త పెందలాడే రా. ఫ్లాస్కు పెద్దది తెస్తా."